ఆకు అడుగున తెలుపు

ఇన్‌స్పెక్టర్ ఆకు తిరగేసేదాకా ఆ రోజు సజావుగానే నడిచింది.

ఆయన పేరు సుధీంద్ర. సేంద్రియ సర్టిఫికెట్ తనిఖీకి హాసన్ నుంచి వచ్చిన మనిషి. సన్నగా ఉంటాడు, ఎదుటివాళ్ళింట్లో ఏదైనా పోతే తనదే పోయినట్టు నొచ్చుకుంటూ మాట్లాడతాడు. పొద్దుటి నుంచి మా కాఫీ తోటంతా తిరిగాడు. ఎరువు గుంట చూశాడు. సామాన్ల గదిలో డబ్బాల మూతలు తీసి వాసన చూశాడు. ఏ దోషమూ దొరక్కపోయేసరికి ఆయనకే కాస్త మొహమాటమేసినట్టుంది, ఇక కాఫీ తాగుదామన్నాడు. ఇంటికి మళ్ళుతూ తోట నడుమ ఒక మొక్క దగ్గర ఆగి, కొమ్మ వంచి, ఆకును వెనక్కి తిప్పాడు.

ఆకు అడుగంతా తెల్లటి మచ్చలు. పక్క ఆకు తిప్పాడు. దానికీ అంతే. పక్క మొక్కకూ, దాని పక్క మొక్కకూ అంతే.

“ఇదేంటమ్మా?” అన్నాడు.

నాకేం తెలుసు? వానలు పట్టిన దగ్గర్నుంచి జలగలకు భయపడి ఆ నడిమి వరసల్లోకి నేను అడుగు పెట్టలేదు. అటు పని చూసేది మా ఆయన.

“తుత్తం, సున్నం కలిపి కొడితే ఇలాగే ఉంటుంది,” అన్నాడు సుధీంద్ర, ఇంకాస్త నొచ్చుకుంటూ.

తుప్పు తెగులుకు కొట్టే ఆ నీలం మైలతుత్తం మా సేంద్రియ గుంపులో బొత్తిగా నిషేధమేమీ కాదు. ముందుగా అడగాలి, ఎందుకో చెప్పాలి, కొట్టమన్నంతే కొట్టాలి. అడక్కుండా కొడితే మటుకు అది దొంగతనమే. పైగా మా గుంపులో ఇళ్ళన్నిటికీ కలిపి సర్టిఫికెట్ ఒక్కటే. ఒకింట్లో దొంగతనం బయటపడితే అందరి కాఫీ మామూలు కాఫీ అయిపోతుంది. గుంపు పెద్ద బొళ్ళమ్మక్క మా వెనకే ఉంది. పొద్దుటి నుంచి నోరు మూయని మనిషి ఆ మాట వినగానే మూసింది. నాకు అప్పుడు భయం పట్టుకుంది.

నేను మా ఆయన వైపు చూశాను. మేదప్ప ఆకు వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. చెప్పుకంటిన బురద చూసుకుంటున్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక చేత్తో రెండో చేతి చొక్కా మడత కిందికి లాగుతున్నాడు. అది చూడగానే నాకు నీలం మరకలు గుర్తొచ్చాయి.

కిందటి వారం ఆయన చొక్కా ఉతుకుతుంటే చేతుల దగ్గర నీలం మరకలు కనిపించాయి. ఎంత రుద్దినా పోలేదు. ఏమిటివని అడిగితే పంచాయతీ ఆఫీసులో సిరా ఒలికిందన్నాడు. ఈ కాలంలో సిరా బుడ్డి పెట్టుకున్న పంచాయతీ ఆఫీసు ఏదో నాకు చూడాలనిపించింది గాని, పండగ పనుల్లో పడి వదిలేశాను.

వానల మొదట్లో మా తోటకు పొలుసు పురుగు పట్టింది. ఆకు ఈనెల వెంట పచ్చగా అంటుకుని రసం పీల్చేస్తుంది. దాని తీపి కోసం చీమలు, ఆ తీపి మీద మసి. తోట చూస్తే ఏడుపొచ్చేది. అప్పుడే మేదప్ప అన్నాడు, “ఒక్కసారి మందు కొడదాం దేచూ. ఎవరికి తెలుస్తుంది?” అని. “నాకు తెలుస్తుంది. ఆ చుక్క తోటలో పడిన రోజు నేను పుట్టింట్లో ఉంటాను,” అన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మాట వినే మొగుడు దొరికాడని నేను మురిసిపోయాను కూడా.

సుధీంద్రను, బొళ్ళమ్మక్కను వరండాలో కూచోబెట్టి, కాఫీ వంకతో మా ఆయన్ని వంటింట్లోకి పిలిచాను.

“కొట్టావా?”

“లేదు.”

“నా కళ్ళలోకి చూసి చెప్పు.”

చూశాడు. “కొట్టలేదు దేచూ.”

“మరి చొక్కా మీద ఆ నీలం?”

చూపు పొయ్యి మీదికి మళ్ళింది. “కాఫీ పొంగుతోంది,” అన్నాడు.

“పొంగనీ. పంచాయతీ సిరా అని ఇంకోసారి అన్నావంటే ఈ గరిటె విరుగుతుంది.”

“సిరా కాదు.”

“తుత్తమేనా?”

“తుత్తమే. కానీ మన తోటలో కాదు. అంతకంటే నన్నడక్కు. నేను మాటిచ్చాను.”

“ఎవరికి?”

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. సర్టిఫికెట్ పోతే ఏడ్చుకుంటూనో తిట్టించుకుంటూనో మళ్ళీ తెచ్చుకోవచ్చు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఈ మనిషి మాటకు నేను రెండో మాట అడిగి ఎరగను. ఇప్పుడు ఆయన చెప్పేది నిజమా, అబద్ధమా అన్నదే నాకు తేలాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, హాసన్ ఇన్‌స్పెక్టర్ ఏం పడతాడు?

కాఫీ గ్లాసులు తీసుకెళ్ళేసరికి సుధీంద్ర నా కోసం ఒక దారి వెతికి పెట్టాడు.

“పక్క తోట ఎవరిదమ్మా? వాళ్ళు మందు కొడతారా? గాలికొచ్చి పడిందేమో. అలా అయితే మీ తప్పు కాదు. ఆ వరసలు విడిగా కోసుకుంటే సరిపోతుంది.”

పక్క తోట బిద్దప్ప మావది. మా అత్తగారికి స్వయానా తమ్ముడు. మా వైపు కొండల్లో తుత్తం సున్నం కలపడంలో ఆయన్ని మించినవాడు లేడని చెప్పుకుంటారు, ఎక్కువగా ఆయనే చెప్పుకుంటాడు. నా సేంద్రియ తోటకు ఆయన పెట్టిన పేరు ‘గాలికొదిలేసిన తోట’. నిరుడు ఈదురుగాలి రోజున ఆయన కొట్టిన మందు నిజంగానే నా గట్టు వరస మీద పడింది. నేను గట్టు దగ్గర నిలబడి నాలుగు మాటలన్నాను. ఆయన ఎనిమిది అన్నాడు. ఈ ఇంటివాళ్ళెవరూ ఆ తోటలో కాలు పెట్టకూడదని నేను ఒట్టు పెట్టాను. అప్పట్నుంచి రాకపోకల్లేవు.

అందుకని సుధీంద్ర ఆ మాటనగానే నా నోరు నా కంటే ముందు లేచింది. “ఆయన మందే అయ్యుంటుంది. ఇంకెవరిది?” అన్నాను.

“దేచూ, మావనెందుకు లాగుతావు?” అన్నాడు మేదప్ప.

సొంత ఇల్లు మునుగుతుంటే పక్కింటాయన మీద ఈయనకెందుకింత జాలి? నా అనుమానం ఇంకో మెట్టెక్కింది.

బొళ్ళమ్మక్క అప్పటికే లేచి గట్టు దగ్గరికి నడిచి కేకేసింది. “బిద్దప్పన్నా, నీ మందు మా దేచమ్మ తోట మధ్యకొచ్చి కాపురం పెట్టిందట. వచ్చి తీసుకుపో.”

ఆ మనిషిని రప్పించాలంటే అంతకంటే మంచి మాట లేదు. చేతికర్రతో రాళ్ళు తడుముకుంటూ, టోపీ సర్దుకుంటూ వచ్చాడు. పక్కన ఆయన పనిమనిషి చోమి ఉంది. మా గుమ్మం ముందు నిలబడ్డాడే గాని మెట్టెక్కలేదు.

“ఎవరా అన్నది?”

“నేనే మావా,” అన్నాను. తప్పేదేముంది?

“గట్టు నుంచి తోట నడిమి దాకా ఎగిరిందా నా మందు? అదేమన్నా గద్దా? ఏదీ, ఆ ఆకు ఇలా పట్రా.”

సుధీంద్ర కోసుకొచ్చిన కొమ్మ ఆయన చేతికిచ్చాను. మావ దాన్ని కళ్ళ దగ్గరికి తీసుకుపోలేదు. ఆకు అడుగు మీద బొటనవేలితో ఒక్కసారి రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. ఆయన మొహం చూస్తే ఎవరో పాచిపోయిన కూర వడ్డించినట్టుంది.

“దీన్ని నా మందంటారా? నా మందు ఎండితే గోడకు కొట్టిన సున్నంలా గరగరలాడాలి. ఆకు అడుగంతా సమంగా పట్టాలి. ఇది దూదిలా మెత్తగా ఉంది. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క. కళ్ళు మూసుకుని తుమ్మినా ఇంతకంటే బాగా పడుతుంది. దొంగతనమంటే పడతాను గాని, ఇంత పనికిమాలిన పని నాదంటే మాత్రం ఊరుకోను.”

బొళ్ళమ్మక్క నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. మావ మందు కాకపోతే మా ఆయన మందే మిగులుతుంది. మందు కలపడం రానివాడు కొడితే చుక్కలు చుక్కలుగానే పడుతుంది మరి.

సుధీంద్ర సంచిలోంచి భూతద్దం తీసి ఆకును వరండా వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. “బూజులాగే ఉంది,” అన్నాడు చివరికి. “పొలుసు పురుగుని తినే తెల్ల బూజు ఒకటుంది. చెట్టుకి ఒకటో రెండో ఆకుల మీద చూశాను గాని, తోటంతా ఇలా పట్టడం ఎప్పుడూ చూళ్ళేదు. దాని కింద తుత్తం లేదని నేనెలా రాయను? పరీక్షకి పంపుతాను. జవాబొచ్చేదాకా గుంపు సరుకు ఆపమని రాయక తప్పదు.”

జవాబు వచ్చేసరికి కోతలై, ఎండబెట్టడమై, కొనేవాళ్ళు వేరే దారి చూసుకుంటారు. బొళ్ళమ్మక్క నవ్వు సగంలో ఆగిపోయింది.

“జవాబుకి అన్నాళ్ళెందుకయ్యా?” అన్నాడు మావ. “తుత్తం ఉందో లేదో చెప్పడానికి కత్తి చాలు. దేచమ్మా, ఇంట్లో కాచంపులి ఉందా, అది కూడా సేంద్రియం కాదని పారేశావా?”

కాచంపులి లేని ఇల్లు మా వైపు ఉంటుందా? పంది కూర నల్లబడేదే ఆ పులుసుతో. సీసా తెచ్చాను. రెండు పింగాణీ గిన్నెలు తెచ్చాను. మొన్న ఆయుధాల పండగ కైల్ పోళ్దుకి తోమి, పూజలో పెట్టి, మళ్ళీ గోడకు తగిలించిన కత్తి ఉంది. అద్దంలా మెరుస్తోంది. అదీ తెచ్చి మేదప్ప చేతికిచ్చాను, ఆయన మొహం చూడకుండా.

మావ చెబుతుంటే మేదప్ప చేస్తున్నాడు. మందు కలిపేటప్పుడు మావ ఎప్పుడూ చేసే పరీక్షే అది. సున్నం చాలకపోతే తుత్తంలోని రాగి ఊరుకోదు, ముంచిన కత్తికి ఎర్రగా పట్టుకుంటుంది. ఎండిపోయిన మందునైనా పులుపులో నానబెడితే రాగి మళ్ళీ బయటికొస్తుందని ఆయన వాదన.

“ముందు నా తోట ఆకులు,” అన్నాడు. చోమి పరుగున పోయి గట్టవతలి నుంచి పిడికెడు కోసుకొచ్చింది. వాటి అడుగు కూడా తెల్లగానే ఉంది, సన్నగా, సమంగా, కాస్త నీలంగా. గోకి గిన్నెలో వేసి కాచంపులి పోసి, కత్తి మొన ముంచి పెట్టారు. మేము కాఫీ తాగాం. తర్వాత మేదప్ప కత్తి తీసి గుడ్డతో తుడిచాడు. మొన మీద ఎర్రటి పొర, కొత్త రాగి చెంబు రంగు. సుధీంద్ర గోటితో గీకి చూసి తలూపాడు.

కత్తిని బూడిదతో తోమి రెండో గిన్నెలో ముంచారు. అది మా ఆకుల గిన్నె. అందులో రుద్దిన బూజు దూదిలా తేలుతోంది.

ఆ కాసేపూ నేను వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాను. కావేరమ్మకు మొక్కాను, మొక్కుతున్నందుకు సిగ్గుపడ్డాను. కత్తి ఎర్రబడితే ఏం చెయ్యాలో నాకు తెలీదు. పుట్టింటికి పోతానని బెదిరించడం తేలిక. పోయి అక్కడ అన్నయ్యకి ఏం చెప్పను? మా ఆయన తుత్తం కొట్టాడనా, అబద్ధం చెప్పాడనా?

మేదప్ప కత్తి పైకి తీశాడు. నల్లటి పులుసు మొన మీంచి కారుతోంది. తుడవబోతుంటే మావ చెయ్యి చాపి కత్తి తనే అందుకున్నాడు. టోపీ అంచుతో మొన తుడిచాడు. కత్తిని ఎదురుగా పట్టుకుని, మెడ చాపి, అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

“ఏం మేదూ,” అన్నాడు. “ఎరుపెక్కిందా?”

ఆ కత్తి ఆయన మొహానికి జానెడు దూరంలో ఉంది. మిట్టమధ్యాహ్నపు వెలుతురు దాని మీద తళతళలాడుతోంది. ఆయన కళ్ళు మాత్రం కత్తి మీద లేవు, దానికి కాస్త పక్కగా మా వరండా స్తంభం మీద ఉన్నాయి.

“లేదు మావా,” అన్నాడు మేదప్ప. “తెల్లగానే ఉంది.”

సుధీంద్ర కత్తి తీసుకుని ఎండలోకి వెళ్ళి చూశాడు. బొళ్ళమ్మక్క చూసింది. నేనూ చూశాను. పండగనాడు ఎలా మెరిసిందో అలాగే ఉంది.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. రెండూ కలిసిపోతే మనిషి ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు తెలుసు గాని ఆపుకోలేకపోయాను. చెంగుతో మొహం తుడుచుకుంటూ మా ఆయన్ని చూశాను. మావ మందు కలిపితే కత్తి ఎరుపు చూసేది ఈయన. సున్నం చాలిందో లేదో చెప్పేది ఈయన. అందుకే చొక్కా చేతులకు ఆ నీలం. గొప్ప మందుమనిషి కళ్ళు పోయాయని ఊరికి తెలియకూడదని ఆయన మాట తీసుకున్నాడు. నాకు తెలిస్తే ఒట్టు గుర్తుచేసి చంపుతానని ఈయన దాచాడు.

“ఎన్నాళ్ళనుంచి మావా?” అన్నాను.

“ఏది?” అన్నాడు. తర్వాత కర్ర నేల మీద తాటించాడు. “నిరుడు వానల నుంచి. శుక్లాలట, కొయ్యాలట. చోమికి తెలుసు, వీడికి తెలుసు. ఇప్పుడు బొళ్ళమ్మకి తెలిసింది, అంటే సంతలో చాటింపు వేసినట్టే.”

“నేను చెప్పను అన్నా,” అంది బొళ్ళమ్మక్క.

“నువ్వు చెప్పవులే. దానంతటదే బయటికొస్తుంది.”

నిరుడు వానల నుంచి. అంటే గాలి ఎటు వీస్తోందో, మందు ఎక్కడ పడుతోందో ఆయనకు కనపడని రోజునే నేను గట్టు దగ్గర నిలబడి ఆ నాలుగు మాటలూ అన్నాను. ఆయన ఎనిమిది అనడంలో తప్పేముంది?

“మెట్టెక్కండి మావా,” అన్నాను. “కడంబుట్టు ఉండలున్నాయి, కూర ఉంది.”

“కూరలో కాచంపులి మిగిల్చావా, అంతా పరీక్షకే పోశావా?” అన్నాడు గాని ఎక్కాడు. నేను చెయ్యి అందించాను. పట్టుకున్నాడు.

అన్నాలయ్యాక సుధీంద్ర నాకు భూతద్దమిచ్చి మా ఆకు చూడమన్నాడు. పొలుసు పురుగు ఒకటి ఈనె మీద బోర్లా పడుంది. దాని చుట్టూ తెల్లటి బూజు దారాలు, అంచుల్లోంచి లోపలికి పాకి. పురుగు డొల్ల. మరో చోట తుప్పు తెగులు మచ్చ మీద కూడా అదే బూజు పరుచుకుంది. మావ తోట ఆకు చూస్తే మందు కింద పురుగులు హాయిగా ఉన్నాయి, బూజు పోగు కూడా లేదు.

“తుత్తానికి మంచి బూజు, చెడ్డ బూజు తేడా తెలీదమ్మా,” అన్నాడు సుధీంద్ర. “తుప్పును చంపుతుంది, దీన్నీ చంపుతుంది. మీరు కొట్టలేదు కాబట్టి ఇది బతికింది. ఆకులు పరీక్షకి పంపుతాను, సరుకు ఆపమని మాత్రం రాయను.”

“అంటే మన పొలుసు పురుగుని ఈ బూజు తినేసిందా?” అన్నాడు మేదప్ప. వానల మొదట్లో ఒక్కసారి కొడదామన్న మనిషి ఆకు మీద వేలు పెట్టి మెల్లగా నిమిరాడు. “నేను మసి పోయింది వాన వల్లేమో అనుకున్నా.”

“తోటను గాలికొదిలేస్తే గాలే చూసుకుందన్నమాట,” అన్నాడు మావ కుర్చీలోంచి. “నలభై ఏళ్ళు నేను కూలివాళ్ళని పెట్టి మరీ దీన్ని కడిగించాను. గట్టు వరస ఈసారికి కొట్టించను. నీ బూజు గట్టు దాటి వస్తే రానీ.”

“వస్తే కట్టేసుకోకండి. అది మాది,” అన్నాను.

ఆయన నవ్వాడు. చాలా రోజులకు విన్నాను ఆ నవ్వు.

అందరూ వెళ్ళాక మేదప్ప కత్తి కడిగి నూనె రాసి గోడకు తగిలించాడు. నేను గిన్నెలు తోముతున్నాను. వచ్చి నా వెనక నిలబడ్డాడు.

“నేనే కొట్టాననుకున్నావు కదా,” అన్నాడు.

“అనుకున్నాను.”

“మరి?”

మరేముంది? అబద్ధం చెబితే ఆయనకు తెలుస్తుంది, ఇప్పుడిప్పుడే బతికి బయటపడ్డాం. ఎడం చేత్తో ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని మడత విప్పాను. వంటింటి దీపం కింద ఆ నీలం మరకలు తేటగా కనిపిస్తున్నాయి, సబ్బుకు లొంగలేదు.

“మావ మళ్ళీ మందు కలిపేదెప్పుడు?”

“ఎల్లుండి,” అన్నాడు, కొంచెం భయపడుతూ.

“పాత చొక్కా తీసి పెడతాను,” అన్నాను. “అదేసుకుని వెళ్ళు.”